ఆర్వో నీటి మడిలో గొడుగు తుంగ: ఏడాది కేస్ స్టడీ

హైదరాబాద్‌లో ఒక ఇంటి పెరడు. తూర్పు ప్రహరీని ఆనుకుని 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున్న పల్లపు జాగా. వంటింటి ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు ఏళ్ల తరబడి అక్కడే పడుతున్నాయి. మందార వేస్తే వేరు కుళ్లింది, గులాబీ వేస్తే నెలకే పోయింది. చివరికి నాచు, దోమలు మిగిలాయి. మట్టి పోసి ఎత్తు లేపాలని ఇంటివారి ఆలోచన. కానీ నీళ్లు రోజూ వస్తున్న చోటును ఎండబెట్టే బదులు తడిని కోరుకునే మొక్కనే అక్కడ పెట్టడం తేలిక. అలా ఎంచుకున్నదే గొడుగు తుంగ.

కడియం నర్సరీల్లో దీన్ని అంబ్రెల్లా గ్రాస్ అనో అంబ్రెల్లా పామ్ అనో అమ్ముతారు. ఇది గడ్డీ కాదు, తాటి జాతీ కాదు. చాపలు అల్లే తుంగ, పొలంలో కలుపుగా వేధించే తుంగ ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. శాస్త్రీయ నామం సైపెరస్ ఆల్టర్నిఫోలియస్, కొన్ని పుస్తకాల్లో సైపెరస్ ఇన్వాల్యుక్రేటస్. ఆఫ్రికా, మడగాస్కర్ ప్రాంతాల్లో ఏటి ఒడ్డున పెరిగే మొక్క. కాడ మీద ఆకులుండవు. ఉన్నవి కాడ అడుగున తొడుగుల్లా అంటుకుని ఉంటాయి. కాడ కొసన గొడుగు పుల్లల్లా విచ్చుకునేవి పూగుత్తి కింది పత్రాలు. చూపుకు అవే ఆకులు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, కత్తిరింపు దగ్గర దీంతో పని పడుతుంది.

తుంగ అనగానే తోట పని తెలిసినవాళ్లు భయపడతారు. పొలం తుంగ నేల కింద గడ్డలను గొలుసుకట్టుగా వేసుకుంటూ పోతుంది, ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ లేస్తుంది. గొడుగు తుంగకు అలాంటి గడ్డలుండవు. పొట్టి, గట్టి దుంపవేరు కుదురుగా చుట్టూ పెరుగుతుంది, ఏడాదికి కుదురు జానెడో మూరెడో వెడల్పవుతుంది. అదుపు తప్పేది విత్తనం వల్ల. ఆ సంగతి చివర్లో.

మడి కట్టడం

లోతు 18 అంగుళాలు తీశాం. అడుగున రాళ్లు, వేర్ల ముక్కలు ఏరేసి అంగుళం మందాన ఇసుక పరిచి, దాని మీద 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) సిల్పాలిన్ ప్లాస్టిక్ షీటు వేశాం. లోపలి రెండు గోడలు, అంచుల మీద అడుగు చొప్పున మడత కలుపుకుంటే ఈ మడికి కావలసిన షీటు 15 అడుగులు × 9 అడుగులు. మూలల్లో షీటును కోయకూడదు, చీర కుచ్చిళ్లలా మడిచి నొక్కాలి.

అడుగు నుంచి వరసలు ఇలా వచ్చాయి: 3 అంగుళాల 20 ఎంఎం కంకర (10 ఘనపుటడుగులు), దానిమీద రెండు మడతల షేడ్ నెట్, అంగుళం దొడ్డు ఇసుక (మూడున్నర ఘనపుటడుగుల లోపే), 10 అంగుళాల మట్టి మిశ్రమం (33 ఘనపుటడుగులు), పైన 2 అంగుళాల 12 ఎంఎం కంకర (7 ఘనపుటడుగులు). అంచు దాకా 2 అంగుళాలు ఖాళీ. మిశ్రమంలో చెరువు మట్టి 20 ఘనపుటడుగులు, ఇసుక 10, బాగా మాగిన కంపోస్టు 3.

కోకోపీట్, పెర్లైట్ ఇక్కడ పనికిరావు. నీళ్లు నిండగానే రెండూ పైకి తేలతాయి. మాగని పేడ అంతకన్నా ప్రమాదం. నీళ్లలో మునిగిన మట్టికి గాలి అందదు కాబట్టి పేడ అక్కడే పులిసి కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, వేళ్లు నల్లబడతాయి. కంపోస్టు కూడా మిశ్రమంలో పదో వంతు మించకూడదు.

ఈ మడికి గుండెకాయ నీటిమట్టం గొట్టం. ఒక పక్క గోడకు, అడుగు నుంచి 2 అంగుళాల ఎత్తున, షీటుకు రంధ్రం చేసి ఒకటింపావు అంగుళాల ట్యాంక్ నిపుల్ (తొట్టి గోడలోంచి గొట్టం దాటించే మర బిగింపు) బిగించాం. లోపలివైపు కంకరలో రంధ్రాల గొట్టం పడుకుని ఉంటుంది. బయటివైపు ఎల్బో, దానికి 12 అంగుళాల నిలువు గొట్టం. ఎల్బోను మాత్రం సొల్యూషన్‌తో అతికించలేదు, టెఫ్లాన్ టేపు చుట్టి బిగుతుగా తొడిగాం. గొట్టం నిటారుగా ఉంటే నీరు మట్టి పైమట్టం దాకా, అంటే కంకర పైమట్టానికి 2 అంగుళాల కింద ఆగుతుంది. పక్కకు వంచితే ఎంత వంచితే అంత దిగుతుంది, పూర్తిగా పడుకోబెడితే అడుగున రెండంగుళాలు తప్ప మడి ఖాళీ అవుతుంది. లీకు వస్తే సాధారణంగా నిపుల్ దగ్గరే వస్తుంది. రబ్బరు వాషర్లు షీటుకు రెండువైపులా ఉండాలి, షీటు రంధ్రం నిపుల్ కంటే కాస్త చిన్నదిగా ఉండాలి. మట్టి పోయకముందే నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచి చూడాలి. మట్టి పోశాక లీకు కనిపెడితే 33 ఘనపుటడుగులు తవ్వి తీయాల్సి వస్తుంది.

నీరు కంకర కింద ఉండాలన్న పట్టుదల దోమల కోసం. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. పైకి కనిపించే నీరు లేకపోతే గుడ్డు పెట్టే చోటే ఉండదు. గొడుగు తుంగ మొదలు మునిగేలా అరడుగు నీళ్లున్నా బతుకుతుంది. కుంటలో అయితే అలాగే పెట్టి దోమ పిల్లల్ని తినే గప్పీ చేపలు వదలవచ్చు. ఇంటి గుమ్మానికి ఆరడుగుల దూరంలో ఉన్న మడికి అది సరికాదనిపించింది.

నాటడం

జూన్ రెండో వారం, తొలి వానలు పడ్డాక. నర్సరీ నుంచి 8 అంగుళాల కుండీల్లో నాలుగు కుదుళ్లు తెచ్చాం. పన్నెండు కొనాల్సిన పనిలేదు. కుదురును కుండీ నుంచి తీసి, మట్టి కడిగి, రంపపు కత్తితో నిలువునా మూడుగా కోస్తే సరిపోతుంది. ప్రతి ముక్కకూ మూడు నాలుగు కాడలు, కనీసం రెండు తెల్లటి మొలక మొనలు ఉండాలి. మొన లేని ముక్క పచ్చగానే కనిపిస్తుంది, రెండు నెలలకు మెల్లగా ఎండిపోతుంది. పొడవు కాడలను మొదలు దగ్గర తీసేసి లేత కాడలు రెండు మూడే ఉంచాలి, లేకపోతే తెగిన వేళ్లు అంత పచ్చదనాన్ని మోయలేవు.

మొక్కకూ మొక్కకూ 18 అంగుళాల ఎడంతో రెండు వరసలు వేశాం, వరసకు ఆరు. వెనక వరసలో మొదటి మొక్క ఎడమ అంచుకు 9 అంగుళాల్లో, ముందు వరసలో 21 అంగుళాల్లో, ఒకదాని సందులో ఇంకొకటి వచ్చేలా. ముందు మిగిలిన ఒకటిన్నర అడుగుల్లో సరస్వతి ఆకు. ఆ తడికి అది తివాచీలా పరుచుకుంటుంది. దుంపవేరు పైభాగం మట్టి మట్టానికి సమంగా ఉండాలి, కంకర దాని చుట్టూ రావాలి గానీ మీదకు రాకూడదు. మొదటి పది రోజులు నీటిమట్టాన్ని రెండంగుళాలు దించి ఉంచాం. కోసిన గాయాలు మానకముందే నిండా ముంచితే కుళ్లు పట్టే అవకాశం ఉంది.

తల నాటే పద్ధతి కూడా చెప్పుకోవాలి, ఈ మొక్కకున్న అందమైన గుణం అది. ముదిరిన గొడుగును రెండంగుళాల కాడతో కోసి, పుల్లలను మూడోవంతుకు కత్తిరించి, నీళ్ల గిన్నెలో తలకిందులుగా వేస్తే పుల్లల మొదట్లోంచి వేళ్లు వస్తాయి, వెనకే బుల్లి పిలకలు లేస్తాయి. వేడి రోజుల్లో రెండు మూడు వారాలకు వేళ్లు, ఐదారు వారాలకు నాటదగ్గ మొక్క. ఏటి ఒడ్డున కాడ వంగి నీళ్లను తాకితే ప్రకృతిలో జరిగేది ఇదే. గిన్నె నీళ్లు మూడు రోజులకోసారి మార్చాలి, దోమలు గిన్నెలోనూ గుడ్లు పెడతాయి.

మొదటి చిక్కు: తుంగలో తుంగ

మూడో వారానికి మడి నిండా మొలకలు. ఇంటివారికి సంతోషం. కానీ వాటిలో సగం పైన పొలం తుంగే. చెరువు మట్టితో గడ్డలు వచ్చేశాయి. రెంటినీ పసిగా ఉన్నప్పుడే విడదీయవచ్చు. గొడుగు తుంగ మొలక ఆకు లేకుండా సూదిలా, గుండ్రటి ఒంటి మొనగా లేస్తుంది. పొలం తుంగ నేల నుంచే నిగనిగలాడే సన్నటి ఆకులు విప్పుతుంది, పైనుంచి చూస్తే ఆ ఆకులు మూడు దిక్కులకు సర్దుకుని ఉంటాయి.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు, చెరకు తోటల్లో తుంగకు వాడే హాలోసల్ఫ్యురాన్ మందును తెచ్చి కొట్టడం. ఆ మందు పనిచేసేదే తుంగ కుటుంబం మీద. కలుపును చంపే మోతాదు నాటిన మొక్కనూ చంపుతుంది, లేదా నెలల తరబడి గిడసబార్చుతుంది. కాబట్టి చేత్తో తీయడమే దారి. పీకకూడదు. పీకితే కాడ తెగి చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. కంకర పక్కకు నెట్టి సన్నటి తొలిక దింపి, తడి మట్టిలోంచి గడ్డను దాని తీగతో సహా లాగాలి. వారానికోసారి చొప్పున ఆరు వారాలు తీశాక ఒకటీ అరా మిగిలాయి. ఆ తర్వాత నీటిమట్టాన్ని మట్టి పైదాకా నిలకడగా ఉంచడం వల్ల అవీ బలహీనపడ్డాయి, ఎడతెగని ముంపు పొలం తుంగకు గిట్టదు. ఇంకోసారి కడితే చెరువు మట్టిని ముందే కుప్పపోసి, తడిపి, మూడు వారాలు మొలవనిచ్చి ఏరాకే వాడాలి.

గాలికి కొట్టుకొచ్చిన విత్తనాలతో జమ్ము మొలకలు నాలుగు లేచాయి. వాటిని చూసిన రోజే తీసేయాలి. జమ్ము వేరు మొన షీటును చీల్చగలదు, గొడుగు తుంగ వేరుకు ఆ పదును లేదు.

రెండో చిక్కు: కొసలు మాడటం

ఆగస్టు నాటికి కాడలు మూడడుగులు దాటాయి, అక్టోబరుకు నాలుగడుగులు. చలికాలంలో ఎదుగుదల ఆగినట్టే ఉంది గానీ పచ్చదనం తగ్గలేదు. సెప్టెంబరులో కొత్త గొడుగులు కాస్త పసుపు తిరగడం తప్ప (ఆ సంగతి కింద) మార్చి దాకా ఫిర్యాదు లేదు. ఏప్రిల్ మధ్య నుంచి గొడుగు పుల్లల కొసలు గోధుమరంగుకు తిరిగాయి. మే మూడో వారానికి పుల్లలో మూడోవంతు మాడింది, కొత్త గొడుగులు సగం సైజులో విచ్చుకున్నాయి.

ఎండకు మాడిందనుకుని ఇంటివారు షేడ్ నెట్ కట్టారు. ఫలితం లేదు. నీళ్లు చాలలేదనుకోవడానికి వీల్లేదు, గొట్టంలో మట్టం సరిగానే ఉంది. నల్లి అయితే పుల్లల అడుగున సన్నటి గూడు, పసుపు చుక్కలు కనిపించాలి. అవీ లేవు. ఇక చూడవలసింది నీటి గుణం. నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో మార్చిలో ఒకసారి చూసి ఉన్నాం, మళ్లీ కొలిచాం.

బోరు నీరు 900 పీపీఎం (లీటరుకు 900 మిల్లీగ్రాముల లవణాలు). ఆర్వో వదిలే నీరు 1,300. మడి గొట్టంలోంచి బయటికొచ్చే నీరు మార్చిలో 2,100, మే నెలాఖరున 4,700. ఒకే నీరు, ఒకే మొక్క, రెండున్నర నెలల్లో రెట్టింపు పైన. ఎందుకో లెక్క వేస్తే తెలిసింది, ఈ కేసులో నేర్చుకోదగ్గది ఈ లెక్కే.

మడి వైశాల్యం 40 చదరపు అడుగులు, అంటే 3.7 చదరపు మీటర్లు. మొక్కలు తాగి, ఎండకు ఆవిరై రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీరు పోతే అన్ని 3.7 లీటర్లు. చలికాలంలో రోజుకు 4 మిల్లీమీటర్లు అనుకుంటే 15 లీటర్లు. 40 డిగ్రీలు దాటిన మేలో వడగాలితో కలిపి 10 మిల్లీమీటర్లు అనుకుంటే 37 లీటర్లు. మడిలోకి వచ్చే ఆర్వో నీరు మాత్రం ఏ కాలంలోనైనా రోజుకు 45 లీటర్లే. చలికాలంలో 30 లీటర్లు గొట్టం గుండా బయటికి పోతూ ఉప్పును తీసుకెళ్లాయి. మేలో పోయింది 8 లీటర్లు. ఆవిరయ్యేది ఉత్త నీరు, ఉప్పు మొత్తం మడిలోనే ఉంటుంది. 45 లీటర్లతో వచ్చిన 58 గ్రాముల లవణాలు 8 లీటర్లతోనే బయటపడాలి. అలా ఎంతకాలమైనా సాగితే మడి నీరు 7,000 పీపీఎం దాటేది. మడిలో నిలవుండే నీరు సుమారు 500 లీటర్లు కాబట్టి అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది, ఎండలు ముదిరిన నెలన్నరకు 4,700కు చేరింది. కొలత, లెక్క కలిశాయి.

షీటు వేయని పల్లంలో ఉప్పు కిందికి ఇంకిపోతుంది, అందుకే మామూలు తడి చోట్లలో ఈ బాధ కనిపించదు. షీటు వేశామంటే ఉప్పు పోయే దారి మనమే చూపాలి.

సరిచేసిన తీరు: గొట్టాన్ని పూర్తిగా పడుకోబెట్టి మడిని ఖాళీ చేశాం. ఆ నీటిని మొక్కలకు పెట్టకుండా డ్రైనేజీలోకి వదిలాం. తర్వాత 500 లీటర్ల కుళాయి నీరు పోసి, ఒక రాత్రి ఉంచి మళ్లీ ఖాళీ. రెండోసారి ఇంకో 500 లీటర్లు. ఒక్కసారికి పని కాదు, మట్టి రేణువుల మధ్య పట్టుకున్న పాత నీరు గొట్టం తెరిచినంత మాత్రాన దిగదు. రెండోసారి తర్వాత కొలత 1,500. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు, పాడైన కాడలు మొదలంటా తీసేశాం. ఇరవై రోజులకు లేచిన కొత్త గొడుగులు పూర్తి సైజులో, కొసల దాకా పచ్చగా వచ్చాయి.

శాశ్వతంగా రెండు మార్పులు చేశాం. రెండు ఏసీల నీటి గొట్టాలను మడిలోకి మళ్లించాం. ఏసీ నీరు ఆవిరి చల్లబడి చేరిన నీరు, అందులో లవణాలు దాదాపు ఉండవు. పొడి మేలో ఏసీకి ఆట్టే రాదు గానీ, వచ్చిన ప్రతి లీటరూ గొట్టం గుండా బయటపడే ఉప్పు నీటిని పెంచుతుంది. రెండోది, మేడ మీద 500 చదరపు అడుగుల వాననీటిని మడిలోకి తిప్పుకునే వీలు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్ల పైనే వస్తుంది, ఒక్క వానకు మడి కడిగినట్టే. తొలివాన మురికిని వదిలేసి రెండో వాన నుంచి తిప్పాలి.

ఇప్పుడు నెలకోసారి మీటరు ముంచి చూడటం, 2,500 దాటితే కడగడం. ఈ అంకె ఈ మడిలో మొక్క ఓర్చుకున్న తీరును చూసి పెట్టుకున్నది. బోరు నీరు ఇంకా చప్పగా ఉన్న ఊళ్లో అసలు అవసరమే రాకపోవచ్చు. బట్టలుతికిన నీటిని, గిన్నెలు తోమిన నీటిని మాత్రం కలపవద్దు. సబ్బు సోడియం మట్టిని బిగదీస్తుంది, నూనె జిడ్డు కంకర సందులను పూడ్చేస్తుంది. రోజువారీ పొంగే నీరు పక్కనున్న కొబ్బరి మొదటికి పోతుంది. కొబ్బరి ఆ మాత్రం ఉప్పును తట్టుకుంటుంది, అరటి తట్టుకోదు.

కత్తిరింపు, పోషణ

గొడుగు తుంగ కాడకు కొసన పెరిగే మొన ఉండదు, గొడుగు విప్పడంతో దాని ఎదుగుదల అయిపోయింది. సగానికి కోస్తే మిగిలేది బోడి పుల్ల, దానికి మళ్లీ గొడుగు రాదు. ఎత్తు తగ్గించాలని పైన సమానంగా కత్తిరించిన తోటమాలి చేతిలో ఒక కుదురు నెలన్నర అలాగే నిలబడింది. పసుపు తిరిగిన కాడను మొదలంటా కోయడం ఒక్కటే సరైన పద్ధతి. నెలకు ఒకసారి కుదురుకు నాలుగైదు ముదురు కాడలు తీస్తే లోపలికి గాలి, వెలుతురు పోయి పిండినల్లి చేరదు. చేరితే ఆ కాడలు తీసేసి, మిగిలినవాటిని గొట్టం నీళ్లతో గట్టిగా కడగాలి. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే చాలు. చేపలున్న కుంటలో మాత్రం ఇది కొట్టకూడదు.

సెప్టెంబరులో కొత్త గొడుగులు లేత పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా వచ్చాయి. ఇది ఇనుము లోపం. బోరు నీటిలోని బైకార్బనేట్లు మట్టిలో ఇనుమును మొక్కకు అందనివ్వవు. వేరుశనగకు వాడే మోతాదే వాడాం, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), గ్రాము నిమ్మఉప్పు, వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ. మూడో వారానికి రంగు తిరిగింది. యూరియా జోలికి పోలేదు. నత్రజని ఎక్కువైతే కాడ మెత్తబడి వేసవి గాలివానకు పడిపోతుంది. సెప్టెంబరులోనే పైకంకర పక్కకు లాగి అంగుళం కంపోస్టు వేయడం ఏడాది మొత్తానికి సరిపోయింది. నీడ ఎక్కువైనా కాడలు వాలిపోతాయి. ఈ మడికి పొద్దున గోడ నీడ పడుతుంది, పది దాటాక రెండు మూడు గంటల ఎండ, ఆపైన ఇంటి నీడ. అది సరిపడింది.

రెండు మూడేళ్లకు కుదురు నడుమ బోలుపడుతుంది, అప్పుడు జూన్‌లో తవ్వి, నడిమి ముసలి భాగాన్ని పారేసి అంచు ముక్కలను తిరిగి నాటుకోవాలి.

ఇక విత్తనం సంగతి. గొడుగు మధ్య పచ్చటి పూగుత్తులు గోధుమరంగుకు తిరగకముందే ఆ తలను కోసేయాలి. గింజ దుమ్ములా సన్నం, నీటితో పోతుంది. ఆస్ట్రేలియా, అమెరికాలోని ఫ్లోరిడా, హవాయి లాంటి చోట్ల తోటల నుంచి తప్పించుకుని వాగుల వెంట పాతుకుపోయిన మొక్క ఇది. కోసిన తలలను, విడదీసిన ముక్కలను మురుగు కాలువలోనో చెరువు గట్టునో పారేయకూడదు, తడి తగిలితే తల కూడా వేళ్లు వేస్తుంది. రెండు రోజులు మేడ మీద కరకరలాడేలా ఎండబెట్టాకే కంపోస్టు గుంటలో వేయాలి.